ఉలి గాటు

మా గురువుగారు సదాశివం గారిని సందేహం అడిగితే నోటితో సమాధానం చెప్పరు. లేచి చెప్పులేసుకుంటారు. వెంట వెళ్ళినవాళ్ళకి ఏదో ఒకటి తెలుస్తుంది, ఎండ మండిపోతోందని కూర్చున్నవాళ్ళకి సందేహమే మిగులుతుంది. అందుకే ఆవేళ హైమావతి తన వీణ తెచ్చి ఆయన ముందు పెట్టి, "గురువుగారూ, అడక్కుండా మేలు చేసినవాణ్ణి అనుమానించడం తప్పా?" అనగానే నేను గొడుగు వెతుక్కున్నాను.

ముందు ఆ వీణ సంగతి చెప్పాలి. హైమావతి జాకెట్లు కుట్టుకుంటూ మాతోపాటు పాఠం నేర్చుకునేది. పక్క ఊరి సంగీత పాఠశాలవాళ్ళు ఆమెకి పంతులమ్మ ఉద్యోగం ఇస్తామన్నారు, కానీ సొంత వీణతో రావాలన్నారు. పాపం, లక్ష్మణాచారి గారి వీణల కార్ఖానాకి వెళ్ళడం, ఒక వీణని మీటి చూసుకోవడం, ధర విని మొహం వేలాడేసుకుని రావడం. ఇదే వరస. చివరికి ఆచారి గారి దగ్గర పనిచేసే మేనల్లుడు సింహాచలం, "వచ్చే వారం ఓసారి రండమ్మా. మచ్చ వీణ ఏదైనా ఉండొచ్చు" అన్నాడు.

మచ్చ వీణంటే చెక్కలో లోపం బయటపడ్డది. ఆ కార్ఖానాలో దాన్ని సగం ధరకి ఇచ్చేస్తారు, కానీ మేళం కట్టరు. మైనం పోసి మెట్లు నిలబెట్టుకోవడం, నునుపు చేసుకోవడం కొన్నవాళ్ళ పాట్లే. హైమావతి వెళ్ళిన రోజున ఆచారి గారు పెళ్ళికని ఊరెళ్ళారు. నాదం పలికే కుండ అంచున లక్క పూసిన వీణ ఒకటి చూపించి, "చెక్కలో ముడి ఉందమ్మా" అన్నాడు సింహాచలం. ఈమె సంబరంగా ఎత్తుకొచ్చింది. మైనంలో మసి కలిపి పిసికింది, గురువుగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మెట్టూ స్వరం చూసి నిలబెట్టింది. ఆ నాదం వింటే మాకే కుళ్ళు పుట్టింది.

ఇక ఆ మచ్చ ఒక్కటీ సాఫు చేద్దామని గరుకు కాగితంతో రుద్దితే లక్క ఊడొచ్చింది. కింద ముడీ లేదు, గిడీ లేదు. మేలైన పనసచెక్క మీద పచ్చి ఉలి గాటు!

"అదిగో, అనుకున్నా! మామ లేకుండా చూసి మంచి సరుకు పాడుచేసి, అమ్ముకుని, డబ్బు నొక్కేశాడు. వాడి వినయం చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది" అన్నాను నేను. హైమావతి మొహం మాడిపోయింది. "దొంగ సొమ్ము ఒళ్ళో పెట్టుకుని పిల్లలకి సరిగమలు నేర్పనా? ఆచారి గారికి చెప్పేస్తాను" అంది. గురువుగారు చెప్పులేసుకున్నారు.

కార్ఖానాలో అడుగు పెట్టగానే సింహాచలం మమ్మల్నీ వీణనీ చూసి చేతిలో పని ఆపేశాడు. నాకు ఇంకా గట్టి నమ్మకం కుదిరింది.

"ఏటి గురువుగారూ, ఇలాగొచ్చారు?" అంటూ ఆచారి గారు లేచారు. "ఓహో, ఇదేనా మచ్చ వీణ! నేను ఊళ్ళో లేనప్పుడు అమ్మేడు. వచ్చిన డబ్బంతా అణా పైసలతో నా చేతిలో పెట్టేడు, అది వేరే సంగతి. ముడి ఎలాగుందో నేను చూళ్ళేదు. ఇటివ్వమ్మా."

డబ్బు నొక్కలేదా? మరెందుకు చేసినట్టు? నేనింకా ఆ లెక్క తేల్చుకోనేలేదు, ఆచారి గారి వేలు గాటు మీద ఆగింది. ఆయన గొంతు మారిపోయింది.

"ఇది ముడి కాదు. ఉలి. మచ్చలేని వీణకి మా తాతనాటి నుంచీ ధర తగ్గించలేదు, నా కన్నకూతురడిగినా తగ్గించను. మంచి చెక్క మీద కావాలని గాటు పెట్టినోడు నా మేనల్లుడైనా సరే, ఇంక ఈ కార్ఖానాలో ఉలి ముట్టకూడదు. ఎవరు పెట్టేరమ్మా ఇది?"

సింహాచలం తల ఎత్తలేదు. హైమావతి అతని వంక చూసింది. వచ్చే వారం రమ్మని ఎందుకన్నాడో, ధర తగ్గించే దారి అతనికి ఇంకోటి ఎందుకు లేకపోయిందో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆ తెలియడం ఆమె మొహంలో నాక్కూడా కనిపించింది. ఆమె నోరు తెరిస్తే ఇతని బతుకు వీధిన పడుతుంది, ఆ నోరు తెరిపించడానికేగా ఇంత దూరం వచ్చాం!

"నేనేనండీ" అంది హైమావతి.

"నువ్వా?"

"ముడి ఉండేదండీ. చూడ్డానికి అసహ్యంగా ఉందని తీసేయబోయాను. ఉలి జారింది. ఇదెలా పూడ్చాలో అడుగుదామనే వచ్చాం."

ఆచారి గారు ఆమెని ఎగాదిగా చూశారు. మేనల్లుణ్ణి చూశారు. నమ్మారో లేదో నాకిప్పటికీ తెలీదు. "సూది పట్టే చేత్తో ఉలెందుకు పట్టేవమ్మా? బంగారంలాంటి చెక్క! బుద్ధుండక్కర్లేదూ?" అని చెడామడా తిట్టారు. ఆమె కళ్ళనీళ్ళతో నిలబడి అన్నీ పడింది. ఆయన అలిసిపోయాక, "ఒరే, లక్క కాచి పూడ్చి ఇయ్యి" అన్నారు. సింహాచలం వీణ అందుకున్నాడు. లక్క కాచి గాటు పూడ్చాడు.

తిరిగొస్తుంటే ఊరి మొదట్లో హైమావతి ఆగిపోయింది.

"మీ ఎదురుగా అబద్ధమాడాను, గురువుగారూ."

గురువుగారు వెనక్కి తిరక్కుండానే అన్నారు: "విన్నానమ్మా. శ్రుతి కలిసే ఉంది."