జావ రుచి చూసిన పెద్దలు

అనగనగా ఒక అడవి. అక్కడ తల్లులు మేతకి వెళ్తూ పిల్లల్ని వాగు ఒడ్డున ఉన్న బాల్వాడీలో దింపి వెళ్లేవి. వండిపెట్టేది ముంగిసమ్మ. రోజూ గుండిగ నిండా రాగిజావ కాచి బెల్లం వేసేది. దాని చేతివంటకి వంక పెట్టడానికి లేదు.

చిక్కంతా ఆనవాయితీతో వచ్చింది. పిల్లలకి పెట్టేముందు పెద్దలు రుచి చూడాలట. మంచిదే, కాదనను. కానీ చూసేది ఎవరనుకున్నారు? ఎలుగుబంటి, అడవిపంది, ఏనుగు!

ఎలుగుబంటి పంజా ముంచి నాకేది. "తీపి సరిగ్గా తెలియలేదు. ఇంకోసారి చూడనీ," అనేది. పంది మూతి మొత్తం లోపల పెట్టి, "అడుగు మాడిందేమో చూడొద్దూ?" అనేది. చివరికి ఏనుగు తొండం పెట్టి ఒక్క పీల్పు పీల్చి, "బాగుంది. పిల్లలకి పెట్టొచ్చు," అనేది.

పెట్టడానికి ఏముంది, గుండిగ తప్ప! పిల్లలు దాని అంచులు నాకి పడుకునేవి.

కొన్నాళ్లకి పిల్లల పక్కటెముకలు బయటపడ్డాయి. ఒకరోజు జింకపిల్ల బుల్లెమ్మ లేవబోయి దబ్బున పడింది. తల్లి జింక పరుగున వచ్చి, "రేపు పులి వస్తే నా బిడ్డ ఎట్లా పరుగెత్తుతుందయ్యా?" అని బావురుమంది.

పెద్దలు సభ పెట్టారు.

"గంతులేసి చిక్కిపోతున్నారు. ఆటలు మాన్పించండి," అంది ఎలుగుబంటి. మాన్పించారు. పిల్లలు ఇంకా చిక్కిపోయాయి.

"దిష్టి తగిలింది," అంది పంది. అందరి బుగ్గలకీ చుక్కలు పెట్టారు. ఆ చుక్క బరువుకే ఉడుతపిల్ల పక్కకి ఒరిగిపోయింది.

ఏనుగు చెవులు విసురుకుంటూ చాలాసేపు ఆలోచించింది. "లోపం జావలోనే ఉంది. రేపటినుంచి ఇంకా జాగ్రత్తగా, ఇంకా ఎక్కువగా రుచి చూద్దాం," అంది. మిగతా ఇద్దరూ భేష్ అన్నారు.

మర్నాడు ఎలుగుబంటి పంజా ముంచబోతోంది. తల్లికి ఆనుకుని పడుకున్న బుల్లెమ్మ నీరసంగా అడిగింది.

"తాతా, ఇవాళ రుచి మేం చూడమా?"

పెద్దలకి నవ్వొచ్చింది. "చూడనివ్వవయ్యా, ఇంతింత పొట్టలు! ఎంత తాగుతారులే," అంది ఏనుగు.

ముంగిసమ్మ గబగబా గరిట అందుకుంది. బుల్లెమ్మ తాగి, "తీపి తెలియలేదు, ఇంకోసారి," అంది. ఉడుతపిల్ల గుండిగలోకి దూకి, "అడుగు మాడిందేమో చూడొద్దూ?" అంది. మిగతావన్నీ మూతులు పెట్టేశాయి. ఇన్నాళ్ల ఆకలి కదా, పాపం!

ఏనుగు వచ్చి తొండం లోపల పెట్టింది. గుండిగ ఖాళీ. దాని కడుపు గడగడమని ఉరిమింది. జీవితంలో మొదటిసారి ఆకలేసి, నోరు వెళ్లబెట్టి అడిగింది: "మరి మాకో?"

పిల్లలన్నీ మూతులు తుడుచుకుని ఒక్క గొంతుతో అన్నాయి:

"బాగుంది. పెద్దలకి పెట్టొచ్చు!"

అప్పటికి తెలిసొచ్చింది పెద్దలకి. సిగ్గుతో తలలు దించుకుని, మేత వెతుక్కుంటూ అడవిలోకి నడిచారు. నాటినుంచి ఆ గుండిగలో మొదటి గరిట పిల్లలదే. నెల తిరక్కుండా బుల్లెమ్మ తల్లిని దాటి పరుగెత్తింది.

నీతి: పిల్లల తిండి బాగుందో లేదో పెద్దల నాలుక కాదు, పిల్లల ఒళ్లు చెప్పాలి.