బావగారి కారు

మార్కాపురంలో పలకల కార్ఖానాలో పనిచేసే కోటిలింగం మంచివాడే గాని, ఎవరేం అడిగినా కాదనలేని ఒట్టి మొహమాటస్థుడు. చందా అడిగినవాళ్ళందరికీ ఇచ్చేవాడు. సెలవు రోజున పనికి రమ్మన్నా వెళ్ళేవాడు. భార్య ఆదెమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయి, చెప్పడం మానేసింది.

ఒకసారి అక్క మొగుడు వీరాస్వామి వచ్చాడు. ఆయన బాడుగ కార్లు తిప్పేవాడు.

"ఒరేయ్, ఇంకో కారు కొంటున్నా. అన్నీ నా పేరునే ఉంటే ఊరి కళ్ళన్నీ నా మీదే పడతాయి. ఇది నీ పేరున పెడదాం. ఒక్క సంతకం చెయ్యి చాలు" అన్నాడు.

కోటిలింగానికి ఇష్టం లేదు. అయినా సంతకం పెట్టాడు. ఆ కారు అతను ఒక్కనాడూ ఎక్కింది లేదు.

రెండేళ్ళకు కూతురు భ్రమరాంబకు ఒంగోలులో ఇంజినీరింగు సీటు వచ్చింది. ఫీజు చూస్తే కోటిలింగం ఏడాది సంపాదన కంటే ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయం వస్తేనే చదువు, లేకపోతే లేదు. తండ్రీకూతుళ్ళు ఆదాయ ధ్రువపత్రం కోసం మూడు రోజులు తిరిగారు. బ్యాంకు ఖాతా కోసం ఇంకో రెండు రోజులు నిలబడ్డారు. అంతా అయ్యాక, దరఖాస్తు చూసిన గుమస్తా తల అడ్డంగా ఊపాడు.

"నీ పేరున కారుందయ్యా. కారున్నవాళ్ళకు ఈ సాయం రాదు."

"అది నాది కాదు సార్, మా బావది."

"నాకు చెప్పి ఏం లాభం? ఆయన పేరుకు మార్పించి ఆ కాగితం పట్టుకురా. ఇరవై రోజులు గడువుంది."

"ఇరవై రోజులంటే బోలెడు నాన్నా. ఇవాళే మామయ్యను అడుగు" అంది భ్రమరాంబ.

కోటిలింగం ఆ సాయంత్రమే వెళ్ళాడు. అక్క పెసరట్టు పెడితే తిన్నాడు. "ఏందిరా ఇట్టా వచ్చావ్?" అని బావ అడిగితే, "ఊరికే బావా, చూసిపోదామని" అన్నాడు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాడు. ఆ రోజు బావ కారుకు కొత్త సీటు కవర్లు తొడిగిస్తున్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఏమని అడుగుతాడు? మూడోసారి వాకిలి దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. రోజంతా రాతి దుమ్ములో పని, ఆపైన ఈ తిరుగుడు. మనిషి సగమయ్యాడు.

"అడిగావా నాన్నా?"

"అడిగినట్టేనమ్మా."

అడగలేదని ఆ పిల్లకు అర్థమైంది. "పోనీ, నేను అడగనా?" అంది.

"వద్దమ్మా, ఏమనుకుంటాడో ఏమో!"

రేపటితో గడువు ముగుస్తుందనగా ఆదెమ్మ తరిమితే వెళ్ళి, తల వంచుకుని, ఎట్లాగో అడిగేశాడు.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు వీరాస్వామి. "మొదటిరోజే చెబితే ఆ రోజే మార్పించేవాణ్ణి కదరా! పిల్ల చదువు కంటే నాకు కారు ఎక్కువా? ఇప్పుడేం చేసేది? కాగితాలన్నీ బండిలోనే ఉన్నాయి. బండేమో కాశీకి పోయింది. పది రోజుల దాకా రాదు."

గడువు దాటిపోయింది. గుమస్తా వచ్చే ఏడాది రమ్మన్నాడు. కాలేజీ సీటు మాత్రం ఏడాది దాకా ఆగదు కదా!

ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజున భ్రమరాంబ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. "ఎట్లాగైనా మనమే కట్టగలమా నాన్నా?" అని అడిగింది.

"లేదమ్మా, మనవల్ల కాదు" అన్నాడు కోటిలింగం.

ఆ పిల్ల ఏడవలేదు, ఒక్క మాట అనలేదు. మర్నాడు ఊళ్ళోనే డిగ్రీలో చేరడానికి వెళ్ళింది. తనను నాలుగు తిట్టినా బాగుండేదని కోటిలింగం కుమిలిపోయాడు.

నీతి: ఎదుటివాళ్ళకు కాదని చెప్పలేనివాడు చివరికి కన్నబిడ్డకే లేదని చెప్పుకోవాల్సి వస్తుంది.