పెద్దయ్య ఒంటి కొలత

నల్లగుట్ట అడవిలో ఎలుగులు, జింకలు, నెమళ్లతో పాటు ముళ్లపందులు కూడా ఉండేవి. గుట్ట మీద పుట్టినవి పొట్టిగా, సన్నగా ఉండేవి. కింద ఏటి ఒడ్డున పుట్టినవి పొడుగ్గా, భుజాలు వెడల్పుగా ఉండేవి. అన్నీ ఒక్క జాతే. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు కూడా ఉండేవి.

ఎండాకాలం కార్చిచ్చు వస్తే దాక్కోవడానికి గుట్టవాళ్లు ఏటా ఒక బొరియ తవ్వేవాళ్లు. గుట్టకు పెద్ద కరుకయ్య. ఆయన నేల మీద బోర్లా పడుకుంటే ఒంటికి అటూ ఇటూ గోటితో గీత గీసేవాళ్లు. వాకిలికి అదే కొలత.

ఆ ఏడు మంటను ఆపే పచ్చటి ఏటి గడ్డి కూడా ఎండిపోయింది. తామూ గుట్టకే వస్తామని ఏటివాళ్లు కబురు పెట్టారు. ఆ మాట వినగానే నేరేడి కరుకయ్య దగ్గరికి పరుగెత్తింది. బొరియలు తవ్వడంలో చెయ్యి తిరిగిన ఆడ ముళ్లపంది అది. దాని అక్కను ఏటి ఒడ్డుకే ఇచ్చారు. బావ గుమ్మడి భుజాలు ఎంత వెడల్పో దానికి తెలుసు.

"పెద్దయ్యా, ఈసారి మా బావను పడుకోబెట్టి కొలుద్దాం," అంది.

కరుకయ్యకు ఒళ్లు మండింది. "ముళ్లపంది అంటే నాలా ఉండాలి! వాళ్లు తిని తిని ఒళ్లు పెంచారు. కాస్త ముడుచుకుని దూరమను."

"తిండి వల్ల కాదు పెద్దయ్యా, వాళ్ల ఎముకే వెడల్పు. ఎముక ముడుచుకుంటుందా?"

"నాకే చెబుతావా?" అంటూ ఆయన బోర్లా పడుకున్నాడు. గీతలు గీసేశారు.

బొరియ పూర్తయిన కొద్ది రోజులకే మంట లేచింది. నేరేడి ముందు నడిచి దారి చూపించింది. పిల్లలు దూరారు. గుట్టవాళ్లు దూరారు. ఏటివాళ్లు భుజాలు గీరుకుంటూ ఎలాగో దూరారు. తనవాళ్లందరినీ పంపి గుమ్మడి చివర్న వచ్చాడు. వాకిట్లోనే ఇరుక్కుపోయాడు. అతని వెనక కరుకయ్య ఒక్కడే మిగిలాడు. పెద్ద అందరికంటే ఆఖర్న దూరడం గుట్ట మర్యాద మరి!

కరుకయ్య మూతితో తోయబోయాడు. మూతి నిండా ముళ్లు దిగాయి. ముళ్లపందిని వెనక నుంచి తోసేవాడెవడు?

"బావా, ముళ్లు దించు!" లోపల నుంచి వాకిలి అంచు తవ్వుతూ నేరేడి అరిచింది.

"దిగట్లేదమ్మాయ్! భయానికి లేచి నిలబడ్డాయి!"

అది రాతినేల. నేరేడి గోళ్లు విరిగాయి. బావ కళ్లు తేలేస్తుంటే దానికి ఏడుపొచ్చింది. అయినా తవ్వడం ఆపలేదు.

"తవ్వమ్మా నేరేడీ!" బయట నుంచి కరుకయ్య అరిచాడు. "నా కొలత పోతే పోయింది, తవ్వు!"

ఒక పెద్ద పెళ్ల ఊడిపడింది. గుమ్మడి లోపలికి దొర్లాడు. వెనకే కరుకయ్య దూకాడు. అప్పటికే ఆయన వీపు మీది ముళ్లన్నీ మాడిపోయాయి.

మళ్లీ బొరియ తవ్వే వేళ అందరూ అలవాటుగా ఆయన వైపు చూశారు. కరుకయ్య బోడి వీపుతో పక్కకు జరిగాడు. "ఇక కొలత పని నేరేడిదే," అన్నాడు.

నేరేడి వాకిలి కోసం గుమ్మడిని పడుకోబెట్టింది. బొరియలోకి దిగి ఎక్కే మెట్ల కొలత దగ్గరికి వచ్చేసరికి గుట్టవాళ్లలో అందరికంటే పొట్టి ముసలమ్మను పిలిచింది.

"మెట్టుకు కూడా మా బావనే కొలిస్తే ఈ అవ్వ ఎక్కేదెలా?" అంది.

నీతి: అందరి కోసం కట్టేదానికి అందరి ఒళ్లూ కొలవాలి. తన ఒళ్లే కొలత అనుకున్నవాడు చివరికి తన వాకిలి బయటే మిగిలిపోతాడు.