ఇరవై ఒక్క పొరల తాండ్ర

అనగనగా, వేసవొస్తే చాలు గాలంతా మామిడిపండు వాసనేసే ఒక ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒక పెద్దావిడ ఉండేదమ్మా. ఆవిడకి ఉన్నదల్లా ఒక్క మనవరాలు, మంగ. మంగకి మూడేళ్ళొచ్చాయి. మాటలొచ్చాయి, నవ్వులొచ్చాయి, నడక మాత్రం రాలేదు. నిలబెడితే కాళ్ళు వణికి చతికిలబడేది. ఊ కొట్టు మరి!

అచ్చియ్యమ్మ మామిడితాండ్ర చెయ్యడంలో పేరుపడ్డ మనిషి. తాండ్ర ఒక్కరోజు పని కాదు. పండు పిసికి, గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి, మంచం మీద పరిచిన తాటాకు చాప మీద పల్చగా పొయ్యాలి. ఎండలో ఆరాలి. మర్నాడు దాని మీద ఇంకో పొర. ఆ మర్నాడు ఇంకోటి.

అప్పుడు ఆవిడ ఊరి అమ్మవారికి మొక్కుకుంది. "తల్లీ, రోజుకో పొర చొప్పున, ఒక్కరోజు కూడా తప్పకుండా ఇరవై ఒక్క పొరల తాండ్ర పోసి నీ జాతరకి తెస్తాను. నా మంగని నడిపించు." మొక్కుని మనసులో దాచుకుందా? లేదు. బోరింగు దగ్గర అందరికీ చెప్పేసింది.

రోజుకో పొర పోసేది, గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. తొమ్మిది పొరలయ్యాయి, తొమ్మిది గీతలయ్యాయి.

పదోరోజు, గురువారం నాడు, జ్వరమొచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. లోపల గదిలో కళ్ళు తెరవలేక పడి ఉంది. ఒకసారి ఎవరో నోట్లో గంజి పోసినట్టనిపించింది. ఒకసారి నుదుటి మీద తడిగుడ్డ చల్లగా తగిలింది. ఒకసారి వాకిట్లోంచి మంగ "కాకీ, పో! కాకీ, పో!" అంటున్నట్టు వినబడింది. అన్నీ జ్వరంలో వచ్చిన కలలే అనుకుంది.

ఆ తర్వాత జ్వరం దిగింది. వీధిలో పోతున్న పాలావిడని పిలిచి, "ఇవాళ ఏ వారమే?" అని అడిగింది.

"ఆదివారం అత్తా."

అచ్చియ్యమ్మ గురువారం నుంచి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మూడు రోజులు పోయాయి! "మొక్కు తప్పిపోయింది కదా తల్లీ! ఈ మూడు రోజులూ నువ్వెక్కడున్నావు? ఒక్కసారైనా నా గుమ్మంలోకి తొంగి చూశావా?" అని గోడకి జేరబడి ఏడ్చింది.

ఏడుస్తూనే, ఇంట్లో పళ్ళు కుళ్ళిపోతాయని మళ్ళీ పిసికింది. కళ్ళు తిరుగుతుంటే చాప వంక సరిగా చూడనైనా చూడకుండా పోసింది. అలా జాతర దాకా ఇంకో తొమ్మిది పొరలు. తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది.

జాతర రోజు పొద్దున్నే డప్పులు మోగాయి. ఊరంతా బయల్దేరింది. అచ్చియ్యమ్మ కదల్లేదు. "పద్దెనిమిది పొరలతో ఏ మొహం పెట్టుకు వెళ్ళను? వీధి పిల్లలకి పంచేస్తాను" అని కత్తిపీట తెచ్చి తాండ్రకి ఒక అంచు కోసింది.

కోసి, ఆ అంచు చూసి, ఆగిపోయింది.

గోటితో పొరలు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. కింది నుంచి మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై ఒకటే. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని లెక్కపెట్టింది. అప్పుడూ ఇరవై ఒకటే!

పదో పొర నల్లగా ఉంది. అది తాటిబెల్లం. ఆ చుట్టుపక్కల తాటిబెల్లం తినేది ఉప్పుబండి అప్పన్న తాతే. పదకొండో పొర వేలంత మందం ఉంది. అది బడిలో పాఠాలు చెప్పే కస్తూరి టీచరు చెయ్యి, జన్మలో తాండ్ర పోసి ఎరగదు. పన్నెండో పొర నిండా పీచు. పీచుమామిడి చెట్టున్నది ఎదురింటి గవరమ్మ దొడ్లోనే. ఆ గవరమ్మకీ ఈవిడకీ ఒక కోడిపెట్ట గొడవలో ఏడాదిగా మాటల్లేవు!

అప్పన్న తాతేమో వారానికోసారి వచ్చిపోయే మనిషి. టీచరేమో సెలవులకి వాళ్ళ ఊరెళ్ళిపోయింది. గవరమ్మ మాట్లాడదు. ఇక చెప్పేదెవరు?

అప్పుడు అచ్చియ్యమ్మ మంగని వాకిట్లో మంచం పక్కన దింపి, ఆ తాండ్ర ముక్క పట్టుకుని ఎదురింటి గుమ్మం దగ్గరికెళ్ళింది. "ఏమే గవరమ్మా, ఈ పీచు నీదేనా?"

"నాది కాక, అమ్మవారొచ్చి పిసికిందా?" అంది గవరమ్మ మూతి తిప్పుతూ. "వడకట్టే తీరిక ఏదీ? నీ నోట్లో గంజి పొయ్యనా, నుదుటి మీద గుడ్డ వెయ్యనా, నీ మనవరాలి వెనకాల తిరగనా?"

"నా మనవరాలు తిరగడమేంటే?"

"కాకులు తోలమని మంచం పట్టె అందించి నిలబెట్టాం. పట్టుకుని చుట్టూ తిరిగేది. నువ్వు లేచాక మళ్ళీ చంకనెక్కించుకున్నావు. ఇక నడిచేదెట్టా?"

అంతలో ఓ కాకి వచ్చి తాండ్ర మీద వాలబోయింది. "కాకీ, పో!" అని కేక వినబడి ఇద్దరూ తిరిగి చూశారు. మంగ మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉంది. కాకి ఎగిరింది. అచ్చియ్యమ్మ గబగబా వీధి దాటొచ్చి వాకిట్లో కూలబడి చేతులు చాచింది. మంగ పట్టె వదిలేసింది. ఒక అడుగు. రెండడుగులు. మూడడుగులు! అమ్మమ్మ ఒళ్ళో వచ్చి పడింది.

అచ్చియ్యమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. "తొంగి చూడలేదని దెప్పాను కదా తల్లీ. గంజి పోసిందీ నువ్వే, గుడ్డ వేసిందీ నువ్వే."

"నేనే!" అంది వెనకాలే వచ్చిన గవరమ్మ.

"అవునే, నువ్వే" అని గవరమ్మ చెయ్యి పట్టేసుకుంది అచ్చియ్యమ్మ. "పద, జాతరకి పోదాం. ఈ పీచు అమ్మవారి పళ్ళల్లో ఇరుక్కుంటే జవాబు నువ్వే చెప్పుకోవాలి."

అప్పుడు ఇద్దరూ నవ్వుకుంటూ తాండ్ర నెత్తిన పెట్టుకుని బయల్దేరారు. మధ్యలో మంగ, ఆ చెయ్యొకటి, ఈ చెయ్యొకటి పట్టుకుని, చిన్న చిన్న అడుగులేసుకుంటూ.

పొర మీద పొర తాండ్ర ఎండింది,
కాకిని తోలి మంగ నడిచింది,
కథేమో కంచి దారి పట్టింది,
నీ కన్నేమో నిద్దర దారి పట్టింది.