నోరు తెరిచిన మూడో కుండీ

అనగనగా, వాన అలిగి వెళ్ళిపోయిన ఒక ఊళ్ళో, ఒక చిన్న బడి ఉండేది. ఊరి పేరు రాళ్ళకుంట. పేరులో కుంట ఉంది గానీ అందులో నీళ్ళకంటే రాళ్ళే ఎక్కువ. కళ్ళు మూసుకుని విను బంగారూ. మధ్యమధ్యలో లేచి కూర్చుంటే నేను చెప్పను.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. గ్లాసులో మిగిలిన నీళ్ళని ఎవ్వరూ నేలపాలు చెయ్యరు. ఆఖరి గుటక ఏదో ఒక మొక్క మొదట్లో పోసిగానీ గ్లాసు బోర్లించరు. "వాడిన మొక్కని చూసి దాటిపోతే మన బావి ఎండిపోతుంది" అంటారు అక్కడి పెద్దలు. పిల్లలకి అక్షరాలు రాకముందే ఆ మాట వచ్చేస్తుంది.

ఆ బడికి హేమలత అని ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. ఆమెది కాలవల సీమ. గడప దిగితే నీళ్ళు, గట్టు దిగితే నీళ్ళు. ఈ గుటకెడు నీళ్ళ సంగతి ఆమెకేం తెలుసు? మంచి మనిషే. పుస్తకం మూయించి, చేతులతో చేయించి పాఠం చెప్పేది. ఒకరోజు కాగితంతో గాలిమరలు చేయించింది. ఒకరోజు అద్దం ముక్కతో ఎండని గోడ మీద ఆడించింది. ఇంకోరోజు నిమ్మరసంతో కనపడని రాత రాయించి, వేడి తగిలించి, ఆ రాతని బయటికి రప్పించింది. పిల్లలు నోరెళ్ళబెట్టి ఇళ్ళకి పోయేవాళ్ళు.

మూడో తరగతిలో సుంకమ్మ అని ఒక పిల్ల. ఎనిమిదేళ్ళుంటాయి. మాటంటే మాటే ఆ పిల్లకి. కదలకుండా కూర్చోమంటే చీమ కుట్టినా కదిలేది కాదు. నీలాగా కాదులే.

అప్పుడు ఒకరోజు టీచరమ్మ మూడు మట్టి కుండీలు తెచ్చింది. ఓబులేసుకొకటి, నూర్జహాన్‌కొకటి, సుంకమ్మకొకటి ఇచ్చింది. "వీటి మీద మొహాలు వెయ్యండి. మొక్క మొలిచాక అదే జుట్టు అవుతుంది" అంది. ఓబులేసు ఇంత లావు మీసాలు వేశాడు. నూర్జహాన్ నిద్రపోయే మొహం వేసింది. సుంకమ్మ మాత్రం నవ్వే మొహం వేద్దామనుకుంది. అప్పుడేమైందంటే, రంగు జారింది. నోరు కిందికి సాగి పెద్దగా తెరుచుకుంది. నవ్వు కాస్తా పోయి, దాహంతో నోరు తెరిచిన మొహం అయి కూర్చుంది.

ఆ తర్వాత నానబెట్టిన అలసంద గింజలు నాటారు. వారం తిరిగేసరికి మూడు కుండీల్లోనూ మొలకలొచ్చి, రెండేసి ఆకులు విప్పాయి.

అప్పుడు టీచరమ్మ అసలు సంగతి చెప్పింది. "మొదటి కుండీ వసారాలో ఉంటుంది. దానికి ఎండా ఉంటుంది, నీళ్ళూ ఉంటాయి. రెండోది బీరువాలో పెడదాం. నీళ్ళుంటాయి, ఎండ ఉండదు. మూడోదానికి ఎండ ఉంటుంది, నీళ్ళు మాత్రం చుక్క కూడా పొయ్యకూడదు. పది రోజుల తర్వాత సైన్స్ మేళా. మండలం నుంచి ఆఫీసరుగారొస్తారు. ఎవరి కుండీ దగ్గర వాళ్ళు నిలబడి, ఏం జరిగిందో చెప్పాలి."

మూడో కుండీ సుంకమ్మది.

"చుక్క గూడా వద్దా టీచర్?"

"చుక్క కూడా వద్దు. నీ మీద నమ్మకంతోనే నీకిచ్చాను."

సుంకమ్మ ఇంటికి పోయి వాళ్ళమ్మకి చెప్పింది. ఆఫీసరు ముందు నిలబడి తన కూతురు మాట్లాడుతుందంటే ఆ తల్లి నమ్మలేకపోయింది. "ఆ పొద్దు నేను కూలికి పోను, చూడనీకి వస్తా" అంది. ఇంక సుంకమ్మకి అదే ధ్యాస. ఆ కుండీ దగ్గర నిలబడాలి, అమ్మ చూడాలి.

ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల పడ్డ అవస్థ నీకేం చెప్పను! మధ్యాహ్నం అన్నం తిని నీళ్ళు తాగేది. ఆఖరి గుటక గ్లాసులో మిగిలేది. ఎదురుగా ఆ కుండీ నోరు తెరుచుకుని చూసేది. సుంకమ్మ మొహం తిప్పుకుని గబగబా నడిచి, పెరట్లో వేపచెట్టుకి పోసి వచ్చేది. అప్పుడు నోటు పుస్తకం తీసి ఆ రోజు సంగతి రాసుకునేది.

మూడో రోజు కుండీ చూద్దామని వచ్చి సుంకమ్మ కొయ్యబారిపోయింది. మన్ను తడిగా ఉంది! వేలు పెట్టి చూసింది. తడే. వాన లేదు, మంచు లేదు. ఎలా వచ్చింది ఆ తడి?

టీచరమ్మ కూడా చూసింది. నవ్వుతూనే అడిగింది, "జాలేసిందా సుంకమ్మా?" అని. "నేను పొయ్యలే టీచర్" అంది పిల్ల. "సరే, ఇంకెప్పుడూ పొయ్యకు" అంది టీచరమ్మ. చూశావా, ఆ పిల్ల ఒకటి చెప్తే ఈమె ఇంకొకటి విన్నది.

అప్పుడు కుండీని వసారాలోంచి తీసి తరగతి గది కిటికీలో పెట్టారు. అయిదో రోజు చూస్తే మళ్ళీ తడి! ఆకులు నాలుగయ్యాయి. ఈసారి టీచరమ్మ నవ్వలేదు. అందరి ముందూ సుంకమ్మని లేపి నిలబెట్టింది.

"నిజం చెప్పు."

"నేను పొయ్యలే టీచర్. మా యమ్మతోడు, పొయ్యలే."

"కుండీ నీది. నువ్వు కాకపోతే ఎవరు పోస్తారు? నీళ్ళు పోసినందుకు కాదు, అబద్ధమాడినందుకు చెప్తున్నా. మేళా రోజు నువ్వు కుండీ దగ్గర నిలబడొద్దు. నోటు పుస్తకం ఇటివ్వు."

సుంకమ్మ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఏడుపు కూడా రాలేదు. తరగతిలో నలభై మంది ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. అందరూ నేల చూపులే. నాకైతే ఆ టీచరమ్మ మీద ఒళ్ళు మండిపోయింది. ఆ నేల చూపుల మీద ఇంకా మండింది. ఎందుకో చెప్తా, ఉండు.

ఆ తర్వాత కుండీని తీసుకెళ్ళి హెడ్మాస్టరు ఎర్రిస్వామి సారు గదిలో, చువ్వల కిటికీలో పెట్టారు. సారు లేనప్పుడు గదికి తాళం. సుంకమ్మ ఆ వైపే పోకూడదని ఆజ్ఞ. పిల్ల పోలేదు. బెంచీ మీద కూర్చుని, అమ్మకి ఏమని చెప్పాలా అని ఆలోచించేది. వద్దు, రావొద్దు అని చెప్పడానికి నోరు రాలేదు.

మేళా రోజు రానే వచ్చింది. గోడల నిండా రంగు కాగితాలు, తాళ్ళకి గాలిమరలు. ఆఫీసరుగారు వచ్చారు. ఊళ్ళోవాళ్ళు వచ్చారు. సుంకమ్మ వాళ్ళమ్మ ఉతికిన చీర కట్టుకుని, ముందు వరసలో నిలబడింది. కూతురేమో ఎక్కడో వెనక గోడకి ఆనుకుని ఉంది.

అప్పుడు మూడు కుండీలూ తెచ్చి బల్ల మీద పెట్టారు. బడి బడంతా నిర్ఘాంతపోయింది!

రెండోది టీచరమ్మ అనుకున్నట్టే ఉంది. చీకట్లో పాలిపోయి, సన్నగా పొడుగ్గా సాగింది. కానీ మూడోది చూడాలి! నీళ్ళు లేక ఎండాల్సిన మొక్క గుబురుగా పెరిగి, కుండీ మొహానికి జుట్టు ముసిరినట్టు ఉంది. ఇక మొదటిదో? ఎండా నీళ్ళూ రెండూ ఉన్న మొదటి మొక్క ఆకులు వాలేసి, మన్ను నెర్రెలు విచ్చి ఉంది. మీసాల మొహం ఎండలో వెలవెలబోయింది. అందరూ మూడో కుండీకి కాపలా కాసే ధ్యాసలో పడి, మొదటి కుండీ మొహం చూసినవాళ్ళే లేరు.

గోడ మీద పెద్ద అక్షరాల కాగితం: 'నీళ్ళు లేకపోతే మొక్క బతకదు'. ఆఫీసరుగారు ఆ కాగితాన్ని చూశారు. కుండీల్ని చూశారు. టీచరమ్మని చూశారు. టీచరమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మూడో కుండీ ఎవరిది?" అన్నారాయన. బల్ల మీద ఉన్న సుంకమ్మ నోటు పుస్తకం తీసి, పైకి చదివారు.

"రెండో రోజు. నేను నీళ్ళు పొయ్యలేదు. నాకు ఏడుపొచ్చింది. మూడో రోజు. నేను పొయ్యలేదు. మన్ను తడిగా ఉంది. ఎట్లొచ్చిందో తెలీదు. నాలుగో రోజు. నేను పొయ్యలేదు. కలలో కుండీ నీళ్ళడిగింది. నేను పొయ్యలేదు."

అంతే. టీచరమ్మ ఆ పుస్తకం తీసుకుందే గానీ, తెరిచి చూడలేదు మరి.

అప్పుడు వంటగది వైపు నుంచి లింగక్క ముందుకొచ్చింది. బడిలో మధ్యాహ్నం అన్నం వండే మనిషి.

"నేనే సారూ పోసింది. బియ్యం కడిగిన నీళ్ళు. అట్ల నోరు తెరుచుకోని సూస్తాంటే యెట్ల దాటిపోయేది?"

టీచరమ్మ బిత్తరపోయింది. ఆమె తేరుకునేలోపే ఓబులేసు చెయ్యెత్తాడు. "నా కుండీకి యెట్లాగూ నీళ్ళుంటాయి గదా అని, నా చెంబు దీనికి పోస్తి టీచర్." ఎన్ని రోజులు అంటే, రోజూ అన్నాడు. తన కుండీకి పొయ్యడమే మర్చిపోయాడు వెర్రినాయన!

అప్పుడు చూడాలి ఆ చేతులు! నూర్జహాన్ చెయ్యి లేచింది. ముందు బెంచీ లేచింది, వెనక బెంచీ లేచింది. నలభై మంది పిల్లలు, కిటికీ చువ్వల్లోంచి తలా ఒక గుటక. అందరికీ ఎవరి గుటక వాళ్ళకి తెలుసు. సుంకమ్మ మీద నింద పడ్డ రోజు ఒక్కడూ చెప్పలేదు. అందుకే అన్నాను ఒళ్ళు మండిందని.

ఆఖరికి ఎర్రిస్వామి సారు దగ్గాడు. "అంటే మేడమ్… మాత్ర వేసుకున్నాక గ్లాసులో కొంచెం మిగుల్తాది గదా. కుండీ నా పక్కనే ఉన్నింది."

హెడ్మాస్టరు కూడానా! ఆఫీసరుగారు నోరు తెరిచారు, కుండీ మీద మొహం లాగే. టీచరమ్మని పక్కన పెడితే, బడి మొత్తంలో ఆ మొక్కకి నీళ్ళు పొయ్యని మనిషి ఒక్కతే. నింద మోసింది ఆ ఒక్కతే.

ఆ తర్వాత జరిగింది ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ముక్కున వేలేసుకుని చెప్పుకుంటారు. హేమలత టీచరమ్మ అందర్నీ దాటుకుని వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. ఆఫీసరు చూస్తుండగా, ఊరు చూస్తుండగా, ఎనిమిదేళ్ళ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"తప్పు నాది సుంకమ్మా. నిన్ను అడిగాను గానీ నీ మాట వినలేదు. నన్ను క్షమించు."

టీచరు పిల్లని క్షమించమనడం ఎప్పుడైనా విన్నావా? వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుంకమ్మ టీచరమ్మ మొహంలోకి చూసింది. అప్పుడు మెల్లిగా అడిగింది.

"మేళా అయిపాయనా టీచర్?"

"అయిపోయిందమ్మా."

"అయితే… ఇంక నేను గూడా నీళ్ళు పొయ్యొచ్చునా?"

టీచరమ్మ తలూపింది. లింగక్కే కళ్ళు తుడుచుకుంటూ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అందరూ పక్కకి జరిగి మూడో కుండీకి దారి వదిలారు. సుంకమ్మ చెంబు రెండు చేతులా పట్టుకుని నడిచింది. మూడో కుండీ దగ్గర ఆగలేదు. దాన్ని దాటి, ఎవరూ చూడని మొదటి కుండీ ముందు నిలబడి, నెర్రెలిచ్చిన మన్ను మీద సన్నటి ధారగా నీళ్ళు పోసింది. పది రోజులు చెయ్యి కట్టేసుకున్న పిల్ల కదా, చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది.

ఆ మొక్క బతికిందా అంటావా? ఆ పిల్ల చేతి నీళ్ళు తాగాక బతక్క ఏం చేస్తుందిరా, పిచ్చి బంగారం!

కథ కంచి దారి పట్టింది,
కంటికి కునుకు పట్టింది.
కథేమో కంచికి,
మనమేమో దుప్పట్లోకి!