రెండో మనిషి సుంకమ్మ

ఇప్పుడున్న దారులు పుట్టకముందు, మన తాతల తాతలు ఉయ్యాల ఎక్కకముందు జరిగిన మాట ఇది. నల్ల కొండల నడుమ రాళ్ళగూడెం అని ఒక గూడెం ఉండేది. ఆ గూడెంలో సుంకమ్మ అని ఒక ఆడమనిషి ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఊరందరి మేకలూ కాసేది. ఒక కాలు కుంటి.

ఆ ఏడు వానల్లేవు. గూడెం బావి ఎండింది. ఇక నీళ్ళున్నది కనుమ అవతలి ఊటలోనే. కనుమ అంటే రెండు కొండల మధ్య ఇరుకు దారి. ఆ దారిలోకి పులి వచ్చి చేరింది.

డప్పులు కొట్టారు, పులి పోలేదు. మంటలు వేశారు, పులి పోలేదు. బల్లెం పట్టుకుని బాలన్న వెళ్ళాడు. బాలన్న రాలేదు.

బాలన్న పెళ్ళాం పోలి అప్పుడే ప్రసవించింది. కుండల్లో అడుగున ఉన్న నీళ్ళు కూడా అయిపోయాయి. తల్లికి పాలు పడలేదు. పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేసింది. ఆ నిశ్శబ్దానికి గూడెమంతా వణికిపోయింది.

ఎండ నడినెత్తికెక్కిన వేళ సుంకమ్మ కుండ చంకనెత్తుకుంది.

గూడెం పెద్ద దాసప్ప అడ్డం వచ్చాడు. "ఏమే సుంకీ, మతి పోయిందా? ఆ కాలితో పరుగెత్తగలవా?"

"మంచి కాళ్ళున్నోళ్ళు మాత్రం పులికంటే ముందు ఉరుకుతారా మామా?"

"భయం లేదా నీకు?"

సుంకమ్మ కుండను ఇంకో చంకకు మార్చుకుంది. "ఎందుకు లేదూ! అందుకే నరసింహస్వామిని ముందు నడవమన్నా. నేను ఆయన ఎనక పోతా."

కుంటుకుంటూ కనుమలోకి దిగింది. గొంతెత్తి పిలుస్తూ పోయింది. "ముందు నువ్వు, ఎనక నేను! ముందు నువ్వు, ఎనక నేను!"

గూడెమంతా కనుమ మొదట్లో నిలబడి చెవులు రిక్కించింది.

కొంత దూరం పోయాక గొంతు ఆగింది. దారిలో బాలన్న తలగుడ్డ పడుంది. సుంకమ్మ దాన్ని తీసి నడుముకు చుట్టుకుంది. "ముందు నువ్వు, ఎనక నేను!"

ఇంకొంత దూరం పోయాక మళ్ళీ ఆగింది. కొమ్మల మీద కొండముచ్చులు ఒక్కసారిగా అరిచాయి. సుంకమ్మ బండకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. "ముందు నువ్వు, ఎనక నేను!"

మూడోసారి ఆగింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు.

ఊట పక్కన పులి పడుకుని ఉంది.

సుంకమ్మ ఉన్నచోటే కూలబడింది. పులి తల ఎత్తి చూసింది. సుంకమ్మకు పుట్టినప్పటి నుంచి పిలిచే స్వామి పేరు కూడా గుర్తు రాలేదు. పెదాల మీద ఒక్క మాటే మిగిలింది.

"నువ్వు," అంది గొణుక్కుంటున్నట్టు. "నువ్వు... నువ్వు..."

పులి చూస్తూనే ఉంది. తర్వాత లేచింది. ఒళ్ళు విరుచుకుంది. కొండరాళ్ళ మీదుగా పైకి ఎక్కి పోయింది.

కనుమ మొదట్లో ఆడవాళ్ళు అప్పటికే ఏడుపు అందుకున్నారు. దాసప్ప చేయెత్తాడు. "ఉండండి! వినండి!"

దూరం నుంచి, బొంగురుపోయిన గొంతు. "ముందు నువ్వు..."

సగం తొణికిన కుండతో సుంకమ్మ వచ్చింది.

పోలి నోటికి నీళ్ళు అందించింది. పోలి తాగలేదు. సుంకమ్మ నడుముకున్న తలగుడ్డనే చూస్తోంది.

"నా మొగుడూ ఆ స్వామికి మొక్కే పోయినాడు కదా అక్కా. ఆయన్నెందుకు కాపాడలేదు?"

సుంకమ్మ తలగుడ్డ విప్పి పోలి ఒళ్ళో పెట్టింది. "నాకు తెలీదు పోలీ. తెలిసుంటే నీకు చెప్పనా? నీళ్ళు తాగు తల్లీ. బిడ్డ చూస్తోంది."

పోలి ఏడుస్తూనే తాగింది. సాయంత్రానికి పాలు పడ్డాయి. బిడ్డ మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపు విని గూడెమంతా నవ్వింది.

మర్నాడు అందరూ కుండలు పట్టుకొచ్చారు. "నువ్వు ముందు నడువు సుంకమ్మా, మేం నీ ఎనక వస్తాం," అన్నారు.

"నేను ముందెప్పుడు నడిచినా? నేను రెండోదాన్ని," అంది సుంకమ్మ. ముందు స్వామికి ఒక అడుగు చోటు వదిలి, ఆ వెనక నిలబడింది. ఆమె వెనక గూడెం నిలబడింది. పైన ఎక్కడో పులి గాండ్రించింది. వరసలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు. వానలు పడేదాకా అలాగే నీళ్ళు తెచ్చుకున్నారు.

చాలా ఏళ్ళకు సుంకమ్మ ముసలిదై, మేకల మధ్యే కన్ను మూసింది. పోలి బిడ్డ తన బిడ్డలతో వచ్చి ఆమెను మట్టి చేసింది.

ఇప్పటికీ ఆ కనుమలో నడిచేవాళ్ళు ముందు ఒక అడుగు చోటు వదిలిపెడతారు. ఒంటరిగా వచ్చే ఆడమనిషి ఎదురుపడితే "ఒక్కదానివే వస్తున్నావా?" అని ఎవరూ అడగరు. "నువ్వెన్నోదానివి?" అని అడుగుతారు.

ఆ మనిషి చెప్పే జవాబు ఒకటే. "రెండోదాన్ని."