నేస్తం ఊరి గెడ్డ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు, తల్లీ. ఊరి చుట్టూ ఉప్పు మడులే. చెట్టంటే తాటిచెట్టు, పొదంటే మొగలిపొద. ఇంకేమీ మొలవదక్కడ. ఊ కొడుతున్నావా? ఆ, కొట్టు.

ఆ ఊళ్ళో నూకాలని ఒకావిడ ఉండేది. పొద్దున్నే మడిలోకి దిగి ఉప్పు లాగేది. లాగిన ఉప్పు కుప్ప పెట్టేది. సాయంత్రం కాళ్ళు కడుక్కుని వంట చేసుకునేది. ఆవిడ ఎప్పుడూ కొండెక్కలేదు. కొండంటే పడమటి దిక్కున ఆకాశం అంచు మీద నీలంగా కనిపించే గీత, అంతే.

ప్రతి వేసవిలోనూ ఆ కొండల మీంచి సుక్రి అని ఒకావిడ దిగొచ్చేది. తన ఊరివాళ్ళతో కలిసి చింతపండు తెచ్చి ఇక్కడ ఇచ్చి, ఉప్పు తీసుకుని వెళ్ళేది. మొదటి ఏడు నూకాలు ఆవిడకి మంచినీళ్ళిచ్చింది. రెండో ఏడు అన్నం పెట్టింది. మూడో ఏడు ఇద్దరూ పూలు ఇచ్చిపుచ్చుకుని నేస్తం కట్టుకున్నారు.

నేస్తం కట్టుకోవడమంటే తెలుసా నీకు? మా వైపు అది చుట్టరికం కన్నా గట్టిది. ఒకసారి నేస్తాలయ్యాక ఇంక పేరు పెట్టి పిలుచుకోకూడదు. "నేస్తం" అనే పిలవాలి. పొరపాటున కూడా పేరు పలక్కూడదు.

అప్పుడు సుక్రి ఉప్పు మూట కట్టుకుంటూ చెప్పింది. "మా ఊరి పైన గెడ్డ ఉంది నేస్తం."

గెడ్డంటే కొండవాగు, తల్లీ.

"తాటిచెట్టుకి రెండింతల ఎత్తునుంచి దూకుతుంది. వానలు వెనక్కి తగ్గి, చలి మొదలయ్యాక రా. అప్పటికి నీళ్ళు తేటపడతాయి. చెట్ల ఆకులన్నీ పండి ఎర్రబడిపోతాయి. గాలి వీస్తే గలగలా రాలి ఆ నీళ్ళలో పడతాయి."

"ఆకులు ఎర్రబడటమేమిటి నేస్తం?" అంది నూకాలు. తాటాకు ఎండితే తెల్లబడటమే చూసింది కదా పాపం.

"చెప్తే తెలీదు. వచ్చి చూడాలి," అంది సుక్రి.

ఆ ఏడు వెళ్దామనుకుంది నూకాలు. సరిగ్గా అప్పుడే ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాతి ఏడు మొగుడికి చలిజ్వరం పట్టుకుని నెలన్నర వదల్లేదు. ఆ తర్వాతి ఏడు పెద్ద గాలివాన వచ్చి మడి గట్లన్నీ తెంపేసింది. మూడుసార్లూ సుక్రి వేసవిలో వచ్చి, "ఏం నేస్తం, రాలేదే?" అని అడిగేది. మూడుసార్లూ నూకాలు, "వచ్చే ఏడు వస్తాలే నేస్తం," అనేది.

ఆ పై ఏడు తెగిన గట్లు తిరిగి కట్టుకోవడంతోనే సరిపోయింది. ఆ తర్వాతి వేసవిలో కొండవాళ్ళు వచ్చారు. సుక్రి గానీ, ఆవిడ ఊరివాళ్ళు గానీ రాలేదు. అడిగితే, వాళ్ళు వేరే ఊరివాళ్ళట, తెలీదన్నారు.

నూకాలు ఆ రోజునుంచీ పడమటికేసి చూడటం మొదలుపెట్టింది. ఉప్పు లాగుతూ చూసేది. పిల్లకి అన్నం పెడుతూ చూసేది. వానలు వచ్చాయి, కొండలు కనపడకుండా పోయాయి. వానలు తగ్గాయి, మళ్ళీ కనపడ్డాయి. అప్పుడు వాళ్ళత్త పైడమ్మ అంది, "ఇలా చూసి చూసి మెడ పట్టేస్తుందే నీకు. వెళ్ళిరా. పిల్ల నా దగ్గరుంటుంది. గట్ల సంగతి మావాడు చూసుకుంటాడు."

అప్పుడు నూకాలు ఇంత ఉప్పు మూట కట్టుకుని బయల్దేరింది.

మొదటిరోజంతా పండిన వరిచేల గట్ల మీద నడిచింది. రెండోరోజు మామిడితోటలు దాటి కొండ మొదట్లోకి వచ్చింది. అక్కడ నూనెగింజల వలిసె చేలు పూసి పసుపుపచ్చగా ఉన్నాయి. మూడోరోజు కొండెక్కడం మొదలుపెట్టింది. ఎక్కుతుంటే ఒక ఆకు తిరుగుతూ వచ్చి భుజం మీద పడింది. తీసి చూసింది. ఎర్రగా ఉంది. తిరగేసి చూసింది. అటూ ఎర్రగానే ఉంది. 'ఇదన్నమాట' అనుకుని, మూట కిందకి దింపి, అక్కడే కాసేపు నిలబడిపోయింది.

మధ్యాహ్నానికి సుక్రి వాళ్ళ ఊరు చేరింది. మొదట్లోనే ఒక పెద్దాయన వెదురు చీలుస్తూ కనిపించాడు.

"మా నేస్తం ఇల్లెక్కడ బాబూ?" అంది నూకాలు.

"మీ నేస్తం పేరేమిటమ్మా?"

పేరు చెప్పకూడదు కదా. నూకాలు తడబడింది. "గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలుంటాయి. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. అన్నంలో చారు ఎక్కువ పోసుకుంటుంది," అంది.

ఆయన చీల్చడం ఆపి నవ్వాడు. "అది నా చెల్లెలే. రా తల్లీ," అన్నాడు.

సుక్రి అరుగు మీద కూర్చుని ఉంది. లేవలేదు. పక్కన చేతికర్ర ఉంది. మాఘమాసంలో చింతచెట్టు మీంచి పడి కాలు విరిగిందట. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఇంక కొండ దిగలేదు.

నూకాలు వెళ్ళి పక్కన కూర్చుంది. సుక్రి ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఆకులింకా పూర్తిగా రాల్లేదు నేస్తం. సమయానికే వచ్చావు. రేపు నేనే తీసుకెళ్తాను," అంది. వాళ్ళన్న వద్దన్నా వినలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ఒక పక్క కర్ర, ఒక పక్క నూకాలు భుజం. మొదటి మలుపు తిరిగేసరికి కొండంతా ఎర్రగా, పసుపుగా కనిపించింది. రెండో మలుపు తిరిగేసరికి గెడ్డ దూకుతున్న హోరు వినిపించింది. మూడో మలుపు దగ్గర దారి నిట్టనిలువుగా రాళ్ళ మీదుగా పైకి పోయింది. సుక్రి ఒక కాలు పెట్టి చూసింది. మళ్ళీ పెట్టి చూసింది. మూడోసారి పెట్టలేదు. బండ మీద కూర్చుండిపోయింది.

"నువ్వెళ్ళు," అంది.

"నువ్వు లేకుండా ఎందుకు నేస్తం? ఇక్కడే కూర్చుందాం."

"ఇన్నేళ్ళు పిలిచాను. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే నాకు బాధ కాదా? వెళ్ళు."

అప్పుడు నూకాలు ఒక్కతే ఎక్కింది.

గెడ్డ అలాగే ఉంది తల్లీ, సుక్రి చెప్పినట్టే. తెల్లగా పైనుంచి పడుతోంది. తుంపర గాల్లో తేలుతోంది. గాలి వీసినప్పుడల్లా ఎర్రటి ఆకులు గుంపుగా రాలి, నీళ్ళలో పడి, గిర్రున తిరిగి వెళ్ళిపోతున్నాయి. నూకాలు చూస్తున్నంతసేపూ పక్కకి తిరిగేది, "అదిగో నేస్తం, అటు చూడు," అందామని. పక్కన ఎవరూ ఉండేవారు కాదు. మళ్ళీ తిరిగేది. అలా ఎన్నిసార్లు తిరిగిందో.

ఆ తర్వాత గబగబా దిగొచ్చేసింది.

"నీళ్ళు బాగా ఉన్నాయా?" అంది సుక్రి.

"ఉన్నాయి."

"మధ్యలో పెద్ద బండ ఉంటుంది. మునిగిందా, తేలిందా?"

"సగం తేలింది."

"అయితే బాగున్నట్టే," అంది సుక్రి. అప్పుడు చూసింది, నూకాలు పైట తుంపరకి తడిసి ఉంది. ఆ కొంగు దగ్గరికి లాక్కుని ముఖానికి ఆనించుకుంది. చాలాసేపు తియ్యలేదు. "చల్లగా ఉంది నేస్తం," అంది.

నూకాలు మూడు రోజులుండి ఇంటికి వచ్చేసింది. కానీ ఆ తర్వాత ఏ ఏడూ మానలేదు. వానలు తగ్గగానే ఉప్పు మూట కట్టుకుని కొండెక్కేది. ఇద్దరూ మెల్లగా మూడో మలుపు దాకా వెళ్ళి, ఆ బండ మీద కూర్చునేవారు. కనపడని గెడ్డని వింటూ ఉండేవారు. ఆకులు వాళ్ళ ఒళ్ళో రాలేవి.

"పైకెళ్ళి చూసి రావచ్చు కదా," అనేది సుక్రి ప్రతిసారీ.

"మోకాళ్ళ నొప్పులు నేస్తం. ఎక్కలేను," అనేది నూకాలు.

మూడు రోజులు నడిచి కొండెక్కి వచ్చిన మనిషి తల్లీ. అది అబద్ధమని సుక్రికి తెలుసు. కొంచెం పక్కకి జరిగి, బండ మీద ఇంకాస్త చోటిచ్చేది.

గెడ్డ నీళ్ళు సంద్రానికి,
పండుటాకు నేలకి,
చెప్పిన కథ కంచికి,
చిట్టితల్లి నిద్దరకి.